శౌరి చేతివాటం

“కళ్లు దానం చేసినవాళ్ల గురించి విన్నాను, కిడ్నీ ఇచ్చినవాళ్లను చూశాను. చెయ్యి ఒంటికే ఉండగా అందులో ఉన్నదంతా ఊడ్చి ఇంకొకడికి ఇచ్చేసినవాణ్ణి మాత్రం నిన్నే చూస్తున్నానురా!”

తమ్ముడి ముందు ఇడ్లీ పళ్లెం పెడుతూ అంతోనమ్మ అన్న మాట ఇది. పెట్టడం అంటే పెట్టడం కూడా కాదు, బల్లకేసి కొట్టడమే. ఆవిడ కాన్వెంటు బడిలో లెక్కల టీచరు. లెక్క తప్పిన పని ఎవరు చేసినా ఊరుకోదు.

శౌరి తల వంచుకుని తినసాగాడు. ప్రపంచ టెన్నిస్‌లో రెండంటే రెండే పేర్లు వినపడిన కాలంలో ఒక పేరు అతనిది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా అక్క ముందు మాత్రం ఇంకా పలక పోగొట్టుకొచ్చిన పిల్లవాడే.

“పైగా ఆ ప్రయోగానికి డాక్టర్లు పెట్టిన పేరేంటి? చేతివాటమా! మన గుంటూరులో ఎవడికైనా చేతివాటం ఉందంటే వాణ్ణి గల్లాపెట్టె దరిదాపులకు రానిస్తారా?”

“దొంగతనం కాదక్కా. నేనే ఇచ్చాను.”

“నువ్వే ఇచ్చావు, సరే. నీకేం మిగిలిందో అది చెప్పు.”

ఏం మిగిలిందంటే, అన్నం కలుపుకునే చెయ్యి మిగిలింది. చొక్కా గుండీలు పెట్టుకునే చెయ్యి మిగిలింది. రాకెట్ పట్టుకుంటే మాత్రం అది చీపురు పట్టుకున్నట్టే ఉంటోంది. ఆ మాట అక్కతో అనలేక శౌరి ఇంకో ఇడ్లీ వేయమన్నాడు.

ఇక ఆ రెండో పేరు గుగులోత్ రాంజీది. మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చినవాడు, శౌరి కంటే ఏడాది పెద్ద. నవ్వకండి, పదిహేనేళ్లపాటు ఏ పెద్ద పోటీ ఫైనల్ చూసినా వలకు ఈ పక్క ఒక తెలుగువాడు, ఆ పక్క ఇంకో తెలుగువాడు. పాపం, ఆ పేర్లు పలకలేక తెల్లదొరల నాలుకలు మెలిపడిపోయేవి. వీళ్లిద్దరూ ప్రాణస్నేహితులని కొందరు రాశారు, ఉప్పూనిప్పూ అని కొందరు రాశారు. అసలు సంగతేమిటంటే వాళ్లు ఎప్పుడూ మాట్లాడుకోనేలేదు. ఆట అయ్యాక వల దగ్గర “బాగాడినవ్ తమ్మీ” అని ఆయన, “నువ్వూ అన్నా” అని ఈయన. అంతే. మిగతాదంతా బంతితోనే నడిచేది. రాంజీ ఒకటి వేస్తే శౌరి దానికి జవాబు వేసేవాడు, ఆ జవాబులోంచి రాంజీకి ఇంకో ప్రశ్న తోచేది. జనం దాన్ని పోటీ అనుకున్నారు. శౌరికి అది కబుర్లు చెప్పుకోవడం.

ఈ టోర్నమెంటు అయ్యాక చూద్దాం, ఆ టోర్నమెంటు అయ్యాక చూద్దాం అంటూ శౌరి పెళ్లి చేసుకోలేదు. హోటల్ గదులు తప్ప ఇల్లు లేదు, కోచ్‌లు తప్ప స్నేహితులు లేరు. వెనక్కి తిరిగి చూసుకుంటే, అక్క కాకుండా లోకంలో తనకున్న మనిషి రాంజీ ఒక్కడే. ఆ సంగతి రాంజీకి ఎన్నడూ చెప్పలేదు.

అంతలో మోకాలు పోయింది. మోకాలితోపాటే కాలమూ పోయింది. ఆరున్నర అడుగుల కుర్రాళ్లు వచ్చారు. వాళ్లు బంతిని కొట్టరు, పగలగొడతారు. శౌరి ఆటంతా బంతిని కోసి వదలడంలో ఉండేది. గాలిలో తేలుతూ వచ్చి, నేలను తాకి, ఇక లేవనని మొరాయించే బంతి అది. శౌరి ఆట మానేసిన రోజున టీవీలో ఒక పెద్దమనిషి “ఆ తరం ఆట ఇక మ్యూజియంలో చూసుకోవాల్సిందే” అని పెదవి విరిచాడు. ఆ మాట శౌరి గుండెల్లో గుచ్చుకుని ఉండిపోయింది. తను పోయినా ఫర్వాలేదు, ఆట పోకూడదనుకున్నాడు. చూశారా, మనిషికి ఎంత ఆశో!

అప్పుడే విశాఖపట్నం నుంచి డాక్టర్ ద్రోణంరాజు కామేశ్వరి కబురు పంపింది. పక్షవాతంతో చేతులు పడిపోయినవాళ్ల కోసం ఆవిడ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఒక చేతిలో కుదిరిన నేర్పును ఇంకో చేతికి చేర్చే పద్ధతి ఆవిడకు దొరికింది. నేత పని, వీణ, వంట ఇలాంటివన్నీ అయ్యాయి. పెద్ద ఆటగాడి చెయ్యి మీద ఇంకా ప్రయత్నించలేదు.

“ఫొటో తీసినట్టు తీసుకుంటారా మేడమ్?” అని అడిగాడు శౌరి.

“కాదండీ. నారు పీకి నాటినట్టు. పొలం పచ్చబడుతుంది, నారుమడి ఖాళీ అవుతుంది. మీరు నారుమడి. బాగా ఆలోచించుకోండి.”

“మోకాలు లేనివాడికి చెయ్యెందుకండీ? పీకండి” అన్నాడు శౌరి నవ్వుతూ.

భుజం దాకా పలచటి తొడుగు తొడిగారు. దాని లోపల వెంట్రుక కంటే సన్నటి సూదులు. ఆడుతున్నప్పుడు మెదడు నుంచి చేతికి వెళ్లే ఆజ్ఞలను అది ఒక్కొక్కటే పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని వదులుచేసి తీసేసుకుంటుంది. ప్రయోగశాల వెనక కోర్టు ఉంది. బంతులు విసిరే యంత్రం ఉంది, మనిషి కావాలంటే మనిషి ఉన్నాడు. ఎవరితో ఆడతారని కామేశ్వరి అడిగితే శౌరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“రాంజీని పిలవండి. నా చేతిలో ఉన్నదంతా బయటికి లాగగలిగింది ఆయనొక్కడే.”

అదే తప్పు. అప్పుడది తప్పని ఎవరికీ తోచలేదు, డాక్టరమ్మకు కూడా.

రాంజీ ఇంకా పోటీలు ఆడుతూనే ఉన్నాడు, అయినా వచ్చాడు. వాళ్లిద్దరూ రోజూ పొద్దున్నే ఆడారు. ఒక పొద్దున వల దగ్గర బంతిని మెల్లగా దించే నేర్పు పోయింది. ఇంకో పొద్దున ఎదుటివాడి తల మీదుగా ఎత్తి వెనక్కి వేసే బంతి పోయింది. పోతున్న సంగతి రాంజీకి తెలుస్తూనే ఉంది, అయినా ఆట ఆపలేదు. ఆఖరి రోజున శౌరి రాకెట్ ఊపితే గాలి తప్ప ఏమీ తగల్లేదు. రాంజీ వల దాటి వచ్చి, కింద పడిన బంతి తీసి శౌరి చేతిలో పెట్టాడు.

“అయిపాయెనా?”

“అయిపోయిందన్నా.”

రాంజీ సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ నారు నాటింది గొర్లె సింహాద్రి చేతిలో. శ్రీకాకుళం వైపు కుర్రాడు, పంతొమ్మిదేళ్లు, తాటిచెట్టంత పొడుగు. బలం ఉంది, నేర్పు తక్కువ. శౌరి కాళ్లకు దండం పెట్టి, “మీ పేరు నిలబెడతాను సార్” అన్నాడు. శౌరి కళ్లు చెమర్చాయి.

నాలుగు నెలలకు ఆ కుర్రాడూ రాంజీ ఒక పెద్ద పోటీలో తలపడే రోజు వచ్చింది. గుంటూరులో అక్క ఇంట్లో శౌరి ఒక్కడే టీవీ ముందు కూర్చున్నాడు. అంతోనమ్మ బడికి వెళ్లింది. మొదటి బంతికే అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ కోత తనది. ఆ ఆలస్యం తనది. బంతి మీదికి వస్తుంటే చివరి క్షణం దాకా ఆగి, మణికట్టు చిన్నగా తిప్పి వదిలే ఆ కొంటెతనం అచ్చంగా తనది. వల అవతల రాంజీ ఒక్కసారి ఆగిపోయి, ఆ తర్వాత పగలబడి నవ్వాడు! పదిహేనేళ్లలో ఆయన కోర్టులో నవ్వగా శౌరి చూడలేదు. ఎదురుగా ఉన్నది తనైనప్పుడు ఎప్పుడూ నవ్వలేదు మరి.

సింహాద్రి గెలిచాడు. స్టేడియం లేచి నిలబడింది. పాతతరం ఆట చావలేదని, కొత్త ఒంట్లో మళ్లీ పుట్టిందని టీవీలో గొంతులు చించుకున్నారు. శౌరి కూడా చప్పట్లు కొట్టాడు. ఖాళీ ఇంట్లో తన చప్పట్లు తనకే వినపడి సిగ్గేసి ఆపేశాడు.

తర్వాత చూడాలి చోద్యం! ఆ మర్నాడే సింహాద్రి తన ఈడు కుర్రాడి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. మరుసటి నెల ఇంకొకడి చేతిలో. ఆ పై నెల ఊరూపేరూ లేనివాడి చేతిలో. మళ్లీ రాంజీ ఎదురైతే దేవుడిలా ఆడతాడు, రాంజీ కాకపోతే బంతి ఎటు వస్తోందో తెలియనివాడిలా తేలిపోతాడు. ఇదేం రోగమో ఎవరికీ అంతుపట్టలేదు.

వర్షాలు తగ్గాక ఒక పొద్దున రాంజీ గుంటూరు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. “ఊకెనే వచ్చిన తమ్మీ. ఓ ఆటాడుదామా?” అన్నాడు. శౌరికి ఎంత సంతోషమేసిందంటే, తనకు ఆట రాదన్న సంగతి కూడా మరిచిపోయి అటక మీంచి రాకెట్ దించాడు.

క్లబ్బు కోర్టుకు వెళ్లారు. శౌరి తండ్రి బతికున్నన్నాళ్లూ ఆ క్లబ్బులోనే మార్కరుగా పనిచేశాడు. మార్కరంటే మెంబర్లతో ఆడే జీతగాడు. గెలవడం ఆయన పని కాదు. డాక్టరుగారికో వకీలుగారికో బంతి ఎక్కడ పడితే కొట్టడం తేలికో అక్కడ పెట్టడమే పని. తండ్రి దాన్ని ‘అందించడం’ అనేవాడు.

రాంజీ బంతి వేశాడు. శౌరి కొట్టగలిగాడు. ఇంకోటి వేశాడు, అదీ కొట్టగలిగాడు. అరే, చెయ్యి తిరిగొస్తోందేమోనని మనసు గంతులేసింది. పదో పన్నెండో అయ్యాక శౌరికి అనుమానమొచ్చి ఉన్నచోటే ఆగిపోయాడు. తను కదలాల్సిన పనే ఉండటం లేదు. ప్రతి బంతీ నడుము ఎత్తున, కుడిచేతి పక్కన, మెత్తగా వచ్చి నిలబడుతోంది.

“అన్నా, నాకు అందిస్తున్నావా?”

రాంజీ చేతిలోని బంతిని చొక్కాకు తుడిచాడు.

“ఎన్నడైనా నాకొక్క బంతి వదిలావా నువ్వు? మోకాలు వాచిన రోజున కూడా మోకాలి వైపే వేశావు. ఆ రోజు నీ మీద ఎంత గౌరవం కలిగిందో తెలుసా?”

“గప్పుడు నువ్వు వేరు తమ్మీ” అన్నాడు రాంజీ. చాలా మెల్లగా అన్నాడు. “ఇప్పుడు ఆ పోరగాణ్ణి హైదరాబాదుల నా కాడనే పెట్టుకున్న. రోజు ఆడుతం. వానితోని ఆడుతుంటె నీతోని ఆడినట్టే ఉంటది.”

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. శౌరి రాకెట్‌ను సంచీలో పెట్టుకున్నాడు. దానం ఇచ్చినదాని మీద ఈర్ష్య పడేవాడు పిచ్చివాడని అతనికి తెలుసు. తెలిసినంతమాత్రాన ఈర్ష్య ఆగదు కదా!

క్రిస్మస్ సెలవుల్లో డాక్టర్ కామేశ్వరి సింహాద్రిని వెంటబెట్టుకుని గుంటూరు ఇంటికి వచ్చింది. కుర్రాడు చిక్కిపోయాడు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

“తప్పు నాదండీ శౌరిగారూ” అంది కామేశ్వరి. “మేం తీసుకున్నది టెన్నిస్ అనుకున్నాం. ఇన్ని నెలలు పరీక్షలు చేశాక తెలిసింది, అది టెన్నిస్ కాదు. మీ చేతిలో ఉన్నదంతా రాంజీగారికి జవాబే. పైగా తీసుకునేటప్పుడు కూడా ఆయన్నే ఎదురుగా నిలబెట్టాం. ఆయన బంతికి తప్ప ఇంకే బంతికీ అది పలకదు.”

శౌరికి మొదట నవ్వొచ్చింది. పదిహేనేళ్లు లోకమంతా తను టెన్నిస్ ఆడాడనుకుంది. తనూ అలాగే అనుకున్నాడు.

“సార్,” అన్నాడు సింహాద్రి, “నా ఈడు కుర్రోళ్లు ఏటి కొడతన్నారో నా కళ్లకు కనబడతాదండి. సెయ్యి మాత్రం రాంజీ సారు కొట్టారనుకుని ఎల్లిపోద్ది. కోర్టులో నానుండను సార్. రాంజీ సారు నన్ను సూసి నవ్వుతారు, బువ్వ పెడతారు, బాగా సూసుకుంటారు. ఒకపాలి మరిసిపోయి ‘శౌరీ’ అని పిలిసేసినారు. నాకు మీ సెయ్యొద్దు సార్. కోపగించుకోకండి.”

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అంతోనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“తీసేయొచ్చా?” అని అడిగాడు శౌరి.

“తీసేయొచ్చు. కానీ మీరు కూడా ఒప్పుకుంటేనే. ఒకసారి నాటిన నారును మళ్లీ పీకి మీ మడిలో పెడితే బతకదండీ. తీస్తే ఇక ఎక్కడా ఉండదు. మీ దగ్గరా, ఇతని దగ్గరా.”

రెండు రోజులు గడువడిగాడు. మర్నాడు మధ్యాహ్నం రాంజీ ఫోన్ చేశాడు. పదిహేనేళ్లలో ఆయన చేసిన మొదటి ఫోన్ అదే.

“తియ్యనియ్యకు తమ్మీ. నీకు దండం పెడ్త. ఒక్క ఏడాదాగు. వచ్చే ఏడు నేను గూడ ఆపేస్త. నీతోని ఆడుకుంటనే ఆపేస్త.”

“నాతోనా?”

“నీతోనే గదా!”

“అన్నా, నేనిక్కడ గుంటూరులో ఉన్నాను.”

రాంజీ అబద్ధమాడటం రానివాడిలా నిజమే చెప్పాడు. “ఎరుకే తమ్మీ. గని ఆడికొస్తె నాకేం దొరుకుతది?”

శౌరి ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. లోకంలో తనకున్న ఒక్క మనిషికి తను అక్కర్లేదు, తన చెయ్యి కావాలి. దాన్ని ఉంచితే రాంజీ సంతోషంగా ఉంటాడు, ఆట బతుకుతుంది, ఆ పిల్లవాడు మాత్రం తన కోర్టులో తనే లేకుండా ముసలివాడవుతాడు. తీసేస్తే రాంజీ ఇక తన గడప తొక్కడు. సాయంత్రానికి డాక్టరమ్మకు ఫోన్ చేసి తీసేయమన్నాడు. దయతో అన్నాడో కోపంతో అన్నాడో అతనికే తెలియదు. నిజం చెప్పాలంటే రెండూ ఉన్నాయి.

ఎండాకాలం నాటికి సింహాద్రి తన సొంత చేత్తో ఆడటం మొదలుపెట్టాడు. అందం లేదు, చందం లేదు. రెండు చేతులతో రాకెట్ పట్టుకుని రోకలి వేసినట్టు వేస్తాడు. కానీ గెలిచాడు. తన ఈడువాళ్ల మీద వరసగా గెలిచాడు. చివరికి రాంజీ ఎదురయ్యాడు.

ఆ ఆట చూడటం శౌరికి కష్టమైంది. రాంజీ ప్రతిసారీ రెండడుగులు ముందుకొచ్చి నిలబడేవాడు, కోసి వదిలే బంతి కోసం. అది రాదు. బదులుగా రోకలి పోటులాంటి బంతి ఆయన పక్కనుంచి దూసుకుపోయేది. రెండో సెట్లో కూడా అలాగే ముందుకొచ్చాడు. మూడో సెట్లోనూ వచ్చాడు. పాపం, రాదని తెలిసీ వచ్చాడు. ఆట అయ్యాక వల దగ్గర సింహాద్రి చెయ్యి పట్టుకుని, దాన్ని తిప్పి చూసి వదిలేశాడు. అక్కడే మైకు తీసుకుని ఇక ఆడనని చెప్పాడు. జనం కొద్దిగా ఏడ్చి, ఆ కుర్రాడి పేరు జపించుకుంటూ ఇళ్లకు పోయారు. తరం మారడమంటే అంతే మరి.

జూన్ మొదట్లో ఒక పొద్దున గేటు చప్పుడైతే శౌరి బయటికొచ్చాడు. రాంజీ! చేతిలో సంచీ లేదు, రాకెట్ లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. ఎండగా ఉందన్నాడు శౌరి. ఉందన్నాడు రాంజీ. టిఫిను అయిందా అంటే అయిందన్నాడు. గొంతులో ఎంతో ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ రాదు. కొత్తగా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నయం.

చివరికి రాంజీయే అడిగాడు. “నీకు పిల్లలెందరు శౌరీ?”

శౌరి ఆయన ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

“నాకు పెళ్లే కాలేదన్నా.”

“అయ్యో! నాకు చెప్పనే లేదు?”

“నువ్వు అడగలేదు. మరి నీకెందరు?”

“ఒక్క బిడ్డ. పద్నాలుగేండ్లు. సోని.”

“ఏం చదువుతోంది? ఆటలంటే ఇష్టమా, బొమ్మలేస్తుందా, ఏమిష్టం?”

రాంజీ ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు.

“నీ బంతి యాడ పడ్తదో కండ్లు మూసుకోని చెప్తుంటి గద తమ్మీ,” అన్నాడు, “నా బిడ్డకు ఏమిష్టమో నాకు తెల్వదు.” అని, అంత పెద్ద మనిషి, మోచేత్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

శౌరికి ఆయన్ను తన దగ్గరే ఉంచుకోవాలనిపించింది. ఈ పూటకు ఉండమనాలి, రేపూ ఉండమనాలి, ఇలాగే అడుగుతూ చెబుతూ పదిహేనేళ్ల బాకీ తీర్చుకోవాలి. ఇంతకాలం తను కోరుకున్న మనిషి ఇప్పుడే వచ్చాడు. రాకెట్ లేకుండా, తనకోసమే వచ్చాడు. ఆ కోరిక నోటిదాకా వచ్చింది.

“బడులు ఇంకా తెరవలేదన్నా” అన్నాడు శౌరి. “ఇంట్లోనే ఉంటుంది. పన్నెండున్నరకు హైదరాబాదు రైలుంది. వెళ్లి అడుగు.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే. ఇంకో ఏడాదైతే ఆ పిల్ల చెప్పదు.”

రాంజీ లేచాడు. వల దగ్గర కలిపినట్టే చెయ్యి కలిపాడు. అలవాటుగా “బాగాడినవ్” అనబోయి నాలుక కరుచుకుని, ఏమనాలో తెలియక తల ఊపి గేటు దాటాడు. వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కాడు.

అంతోనమ్మ రెండు గ్లాసుల టీ పట్టుకుని వరండాలోకి వచ్చింది.

“ఆయనేడిరా?”

“పంపించేశానక్కా.”

“మళ్లీ వస్తానన్నాడా?”

“అనలేదు. నేనూ అడగలేదు.”

అంతోనమ్మ తిట్టబోయి తమ్ముడి ముఖం చూసి ఊరుకుంది. ఒక గ్లాసు అతనికిచ్చి, రెండోది తాను తీసుకుని రాంజీ లేచిన కుర్చీలో కూర్చుంది. టీ తాగుతున్నంతసేపూ శౌరి వీధి మలుపు వైపే చూస్తూ ఉన్నాడు.